గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందస్తు పరీక్ష

గర్భసంచి కింది కొసన, యోనిలోకి తెరుచుకునే ఇరుకైన భాగం గర్భాశయ ముఖద్వారం. వాడుకలో గర్భసంచి మూతి అంటారు. అక్కడ పుట్టే క్యాన్సర్‌కే సర్వైకల్ క్యాన్సర్ అని పేరు. ఏ బాధా లేని స్త్రీలను పిలిచి ఈ భాగాన్ని పరీక్షించి, కణాల్లో మొదలైన మార్పును అది క్యాన్సర్ కాకముందే పట్టుకోవడం స్క్రీనింగ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,27,000 మందిలో ఈ జబ్బు కొత్తగా బయటపడింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో అత్యధిక భాగం ఆపగలిగినవి.

జబ్బు ఎలా ముదురుతుంది

దాదాపు ప్రతి కేసు వెనకా ఉండేది హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఈ సంబంధాన్ని నిరూపించిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌లో చాలా రకాలున్నా 16, 18 నంబర్ల రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. ఇది లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది. సంసారజీవితం మొదలైన స్త్రీపురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. సోకిన పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపు ఏ మందూ లేకుండానే పోతుంది. పోకుండా తిష్ఠ వేసిన కొద్దిమందిలోనే ముఖద్వారపు పైపొరలో కణాలు మారడం మొదలవుతుంది. ఆ మార్పు క్యాన్సర్ కావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని వారిలో 5 నుంచి 10 ఏళ్లే. సిగరెట్, బీడీ, చుట్ట కాల్చడం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది.

ఇన్నేళ్ల గడువు ఉండబట్టే స్క్రీనింగ్ సాధ్యమవుతోంది. క్యాన్సర్ ఉందో లేదో చూసి చెప్పడం దీని మొదటి పని కాదు. మంచి కణానికీ క్యాన్సర్ కణానికీ మధ్య ఉన్న దశను వెతకడమే దీని పని. ఆ మధ్య దశ ఒకటుందని తెలియకపోవడం వల్ల కొందరు భయపడి పరీక్షకే వెళ్లరు. మరికొందరు అదే భయంతో గర్భసంచి తీయించుకుంటారు.

హెచ్‌పీవీ ఉన్నట్టు తేలితే ఇంట్లో అనుమానాలు పుడతాయి. అవి అక్కర్లేదు. వైరస్ ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. పదేళ్ల కిందట సోకినది ఇవాళ బయటపడవచ్చు. ఆ ఫలితాన్ని బట్టి భార్య నడవడికనో భర్త నడవడికనో తీర్పు తీర్చడం అన్యాయం.

మూడు పరీక్షలు

అన్నిటికన్నా పాతది పాప్ స్మియర్. గ్రీసులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యుడు జార్జ్ పాపనికొలావు ముఖద్వారం దగ్గర రాలిన కణాల్లో క్యాన్సర్ ఆనవాళ్లు కనిపిస్తాయని 1928లో ప్రకటించాడు. 1943లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి పుస్తకం వెలువరించాక గానీ వైద్యలోకం ఒప్పుకోలేదు. చిన్న బ్రష్‌తో కణాలు తీసి, గాజు పలక మీద పూసో ద్రవంలో వేసో ల్యాబ్‌కు పంపుతారు. ప్రైవేటు ఆసుపత్రుల హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో తరచుగా ఉండేది ఇదే. పల్లెల్లో దీనికున్న చిక్కు ల్యాబ్, కణాలను చదివే నిపుణులు, రిపోర్టు కోసం రెండోసారి రావడం. రిపోర్టులో తరచుగా కనిపించే ‘ఇన్‌ఫ్లమేటరీ స్మియర్’ అన్న మాట చూసి చాలామంది బెంబేలెత్తుతారు. దాని అర్థం వాపు లేదా ఇన్‌ఫెక్షన్ ఛాయలున్నాయని మాత్రమే. అది క్యాన్సర్ మాట కాదు.

రెండోది వీఐఏ. ప్రభుత్వ కేంద్రాల్లో జరిగేది ఎక్కువగా ఇదే. స్త్రీని బల్ల మీద మోకాళ్లు మడిచి పడుకోబెట్టి, స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిని మెల్లగా తెరిచి, లైటు వేసి ముఖద్వారాన్ని చూస్తారు. తర్వాత 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో తడిపిన దూదిని అక్కడ అద్ది, ఒక నిమిషం ఆగుతారు. వంటింటి వెనిగర్‌లో ఉండేది ఈ ఆమ్లమే. కొద్దిగా చురుక్కుమనవచ్చు. మామూలు పొర గులాబీ రంగులోనే ఉంటుంది. మార్పు మొదలైన చోట కణాల్లోని ప్రోటీన్లు గడ్డకట్టి, అంచులు స్పష్టంగా తెలిసే చిక్కటి తెల్లటి మచ్చ తేలుతుంది. శిక్షణ పొందిన నర్సు చేయగలదు, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. అయితే ఒకే ముఖద్వారాన్ని చూసి ఒకరు ‘ఉంది’ అని, మరొకరు ‘లేదు’ అని చెప్పే అవకాశం దీనిలో ఎక్కువ.

మూడోది హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష. బ్రష్‌తో తీసిన నమూనాలో ప్రమాదకర రకాల వైరస్ ఉందో లేదో యంత్రం చెబుతుంది. మనిషి కంటిచూపు మీద ఆధారపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో మొదటి ఎంపికగా సూచించింది దీన్నే.

మన దేశంలో దొరికిన ఆధారాలు

ఈ విషయంలో ప్రపంచానికి అత్యంత బలమైన ఆధారాలు కొన్ని భారతీయ గ్రామాల నుంచే వెళ్లాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న 1,31,746 మంది స్త్రీలను 52 గ్రామ సమూహాలుగా విడదీశారు. కొందరికి హెచ్‌పీవీ పరీక్ష, కొందరికి పాప్, కొందరికి వీఐఏ ఒక్కసారి చేశారు. రంగస్వామి శంకరనారాయణన్ బృందం 2009లో ప్రచురించిన ఫలితాల్లో, హెచ్‌పీవీ పరీక్ష జరిగిన సమూహంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మిగతా రెండు పరీక్షల సమూహాల్లో అంతటి తగ్గుదల కనబడలేదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యుడు సురేంద్ర శాస్త్రి బృందం రెండేళ్లకోసారి వీఐఏ చేయించింది. చేసినవారు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. అక్కడ మరణాలు 31 శాతం తగ్గాయి. 2013లో వెలువడిన ఈ ఫలితం, పరీక్షను పద్ధతిగా మళ్లీ మళ్లీ చేస్తే చవకైనదైనా ప్రాణాలు నిలుపుతుందని చూపింది.

ఈ అధ్యయనాల్లో పోలిక కోసం ఒక వర్గం స్త్రీలకు ఏ పరీక్షా చేయకుండా వదిలేశారు. వారిలో కొందరు ఈ జబ్బుతోనే చనిపోయారు. పాప్ పరీక్ష పనిచేస్తుందని ఎప్పటినుంచో తెలిసి కూడా అలా వదలడం సరికాదన్న విమర్శ గట్టిగానే వచ్చింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. ఆ స్త్రీల ప్రాణాల ఖరీదుతో వచ్చిన జ్ఞానం ఇది.

ఎవరికి, ఎప్పుడు

కేంద్ర ఆరోగ్యశాఖ 2016 మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి వీఐఏ చేయాలి. హెచ్‌పీవీ పరీక్ష అయితే 30 ఏళ్ల నుంచి 5 లేదా 10 ఏళ్లకోసారి చాలని, హెచ్‌ఐవీ ఉన్నవారు 25 ఏళ్లకే మొదలుపెట్టి 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ కారణం చేతనైనా జీవితంలో రెండుసార్లే కుదిరితే, 35 ఏళ్లలోపు ఒకసారి, 45లోపు ఇంకోసారి చేయించుకున్నా ఎంతో మేలు. బ్రిటన్‌లో ఉంటున్న మన ఆడవాళ్లకు 25 ఏళ్లు వచ్చే సమయానికి ఆరోగ్యసేవ నుంచి పిలుపు ఉత్తరం వస్తుంది. నాకేం బాధ లేదు కదా అని దాన్ని పక్కన పడేయకూడదు. బాధ లేనివాళ్ల కోసమే ఆ ఉత్తరం.

నెలసరి రోజుల్లో పరీక్ష వద్దు. అంతకు ముందు ఒకటి రెండు రోజులు కలయికకు, యోనిలో పెట్టే మందులకు దూరంగా ఉండాలి. ముట్లుడిగాక మార్పు వచ్చే చోటు ముఖద్వారం లోపలికి జరిగిపోతుంది కనుక వీఐఏ సరిగా పనిచేయదు. ఆ వయసువారు పాప్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ అడగాలి.

కలయిక తర్వాత రక్తం కనబడటం, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తస్రావం, ముట్లుడిగిన తర్వాత మళ్లీ ఎర్రబట్ట కనబడటం, దుర్వాసనతో నీళ్లలాంటి స్రావం కావడం వంటివి ఉన్నవారు శిబిరం ఎప్పుడొస్తుందా అని చూడకూడదు. వారికి కావలసింది స్క్రీనింగ్ కాదు, వెంటనే స్త్రీవైద్య నిపుణురాలి పరీక్ష. గతంలో చేయించుకున్న పరీక్షలో ఏమీ లేదని వచ్చినా సరే వెళ్లాలి.

ఎందుకు వెళ్లడం లేదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 1.9 శాతమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు అంతకన్నా మెరుగే అయినా 5 శాతాన్ని అందుకోలేదు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్‌లను మంగళవారాల్లో నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరు నుంచి ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి క్యాన్సర్ లక్షణాల గురించి ఆరా తీశారు. గుమ్మంలో నిలబడి ప్రశ్నలడగడం మంచి మొదలే. కానీ ఈ జబ్బు విషయంలో పరీక్ష బల్ల దాకా తీసుకెళ్తేనే అది స్క్రీనింగ్ అవుతుంది, ఎందుకంటే మధ్య దశకు లక్షణాలుండవు.

సిగ్గు, మగ డాక్టరుంటాడేమోనన్న సంకోచం, ఒక పూట కూలి పోవడం, తలుపు సరిగా పడని గది: ఇవి చిన్న కారణాలు కావు. వీటికొక జవాబు సొంత నమూనా పద్ధతి. హెచ్‌పీవీ పరీక్షకు స్పెక్యులమ్ తప్పనిసరి కాదు. స్త్రీ తానే మెత్తని బ్రష్‌ను యోనిలోకి పెట్టి, తిప్పి, తీసి గొట్టంలో వేసి ఇవ్వవచ్చు. హైదరాబాదు శివార్లలోని మేడ్చల్ ప్రాంత గ్రామాల్లో దీన్ని పరిశీలించారు. తామే తీసుకున్న నమూనాలూ డాక్టర్లు తీసిన నమూనాలూ చాలావరకు ఒకే ఫలితాన్నిచ్చాయని 2009లో ప్రచురించారు. ఆస్ట్రేలియా 2022 జూలై నుంచి ఈ వెసులుబాటును అర్హులైన స్త్రీలందరికీ ఇస్తోంది. మన గ్రామాల్లో రుజువైన పద్ధతి మన పీహెచ్‌సీల్లో ఇంకా మామూలు విషయం కాకపోవడం విచారకరం.

టీకా

9 నుంచి 14 ఏళ్ల మధ్య, వైరస్ సోకే అవకాశం రాకముందే వేస్తే టీకా బాగా పనిచేస్తుంది. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కు 2022లో మన దేశంలో అనుమతి వచ్చింది.

తెలుగునాట ఈ టీకా పేరు చెబితే ఖమ్మం గుర్తుకు రావడం సహజం. 2009లో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేశాయి. వారిలో గిరిజన హాస్టళ్లలో చదివే పిల్లలు చాలామంది. ఖమ్మంలోనూ, ఇలాంటి కార్యక్రమమే నడిచిన గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. అయితే తల్లిదండ్రుల బదులు వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేయడం వంటి లోపాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, వేసిన తీరు చెడ్డది. ఈ రెంటినీ విడదీసి చూడలేకపోవడం వల్ల చాలా ఏళ్లు పోయాయి.

అప్పటి నిలుపుదల మరో ఫలితానికీ దారితీసింది. హైదరాబాదుతో సహా దేశంలోని పలుచోట్ల ఎన్ని మోతాదులు చాలో తేల్చడానికి వేరేగా నడుస్తున్న అధ్యయనంలో కూడా టీకాలు వేయడం ఆగిపోయి, వేలమంది బాలికలకు ఒక్క మోతాదే అందింది. వారిని పదేళ్లపాటు గమనిస్తే 16, 18 రకాల నుంచి ఆ ఒక్క మోతాదు కూడా బలమైన రక్షణ ఇచ్చినట్టు తేలింది. చిన్న వయసు బాలికలకు ఒక మోతాదు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒప్పుకోవడానికి ఆధారాల్లో ఇదొకటి. టీకా అన్ని రకాల వైరస్‌నూ ఆపదు కాబట్టి, వేయించుకున్నవారికి కూడా 30 దాటాక పరీక్ష అవసరమే.

‘పాజిటివ్’ వస్తే

పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉందని కాదు, ఇంకా నిశితంగా చూడాలని. కాల్పోస్కోప్ అనే భూతద్దపు పరికరంతో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. మార్పు చెందిన పొరను చలితో గడ్డకట్టించే క్రయోథెరపీతోనో, వేడి కొనతో మాడ్చే థర్మల్ అబ్లేషన్‌తోనో తొలగిస్తారు. థర్మల్ అబ్లేషన్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, మత్తు అక్కర్లేదు, అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. మార్పు పెద్దదైతే విద్యుత్ తీగ ఉచ్చుతో ఆ భాగాన్ని కోసి తీస్తారు. కొన్ని వారాలు నీళ్లలాంటి స్రావం ఉంటుంది, దాదాపు నెల రోజులు కలయిక మానాలి. ఏడాదికి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. గర్భసంచి అలాగే ఉంటుంది, పిల్లలు పుట్టే అవకాశమూ ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో దీన్ని నొక్కి చెప్పాల్సిన అవసరం ఉంది. అదే జాతీయ సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2 శాతం. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన ముప్ఫై ఏళ్ల స్త్రీకి ‘మూతి దగ్గర పుండుంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అని చెప్పి ఆపరేషన్‌కు ఒప్పించడం మన ఊళ్లలో కొత్త సంగతి కాదు. పుండుగా చెప్పే ఆ ఎర్రదనం చాలాసార్లు పుండే కాదు. లోపలి పొర కణాలు బయటికి కనబడటం. యువతుల్లో, గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో అది మామూలే. తెల్లబట్టకు కారణం ఇన్‌ఫెక్షనైతే మందులతో తగ్గుతుంది. క్యాన్సర్ భయం చూపి కోత అంటే, ముందు పాప్ లేదా హెచ్‌పీవీ రిపోర్టు, బయాప్సీ కాగితం చూపమని అడిగే హక్కు ఆమెకుంది. ఆపరేషన్‌తోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ముట్లుడిగిపోయి, ఎముకలకూ గుండెకూ ముప్పు పెరుగుతుంది.

ఇప్పటికే ఆపరేషన్ అయినవారు డిశ్చార్జి కాగితంలో రెండు సంగతులు చూసుకోవాలి. ముఖద్వారంతో సహా మొత్తం తీశారా, తీసిన భాగాన్ని ల్యాబ్‌లో పరీక్షించారా అన్నవే అవి. క్యాన్సర్ గానీ దాని ముందు దశ గానీ లేకుండా మొత్తం తీసేసి ఉంటే ఈ పరీక్ష ఇక అక్కర్లేదు. ముఖద్వారాన్ని ఉంచి గర్భసంచి పైభాగం మాత్రమే తీసి ఉంటే, మిగతా స్త్రీలతో సమానంగా 65 ఏళ్ల దాకా చేయించుకుంటూనే ఉండాలి.