నిమురు వైద్యుడు గ్రేట్‌రేక్స్

పట్టా లేని వైద్యుడనగనే మనకు మోసగాడు స్ఫురించును. ఐర్లండు దేశస్థుడైన వాలెంటైన్ గ్రేట్‌రేక్స్‌ను అట్లు త్రోసివేయుటకు మాకు మనసొప్పదు.

ఆయన వాటర్‌ఫర్డ్ ప్రాంతపు భూస్వామి. క్రామ్‌వెల్ సైన్యమున పనిచేసినవాడు. వైద్యము చదువలేదు. 1662లో, గండమాలను తన చేయి మాన్పగలదని ఆయనకు గట్టిగా తోచెను. ఆ శక్తి రాజస్పర్శకే కలదని నాటివారి విశ్వాసము. రాజులును వైద్యము చదివినవారు కారు గదా! నొప్పియున్న తావున చేయి వేసి, దానిని వ్రేళ్ళ కొనలదాక తరుముచున్నట్లు నిమిరెడివాడు. రోగులవద్ద సొమ్ము పుచ్చుకొనడయ్యెను. అనుమతిపత్రము లేదని లిస్మోర్ బిషప్పు న్యాయస్థానము నిషేధించినను మానలేదు.

1666లో, తీరని తలనొప్పితో బాధపడు ఆన్ కాన్‌వే అను దొరసాని కొరకు ఆయనను ఇంగ్లండుకు రప్పించిరి. ఆమెకు గుణమీయలేదు. అచట చేరిన యితరులలో పలువురు మాత్రము బాధ తగ్గినదనిరి. లండనులో శాస్త్రజ్ఞుడు రాబర్టు బాయిల్ దగ్గరనుండి చూచి, చూచినది వ్రాసికొనెను.

నొప్పి తగ్గుట వేరు, రోగము పోవుట వేరు. ఆదరముతో కూడిన స్పర్శ మొదటిదానికి తోడ్పడును. గండమాల క్షయక్రిమి వలన కలుగునది. తనంతట తగ్గి మరల పొడచూపుటయు కలదు. కొందరికి మేలై కొందరికి కాకపోవుటకు కారణము తనకే తెలియదని గ్రేట్‌రేక్స్ ఒప్పుకొనెను. ఆ యేడే తన పొలములకు మరలిపోయెను.