జింక్ సల్ఫేట్ 21 శాతమా, 33 శాతమా? మోల్ లెక్కతో సరైన మోతాదు

వరిలో జింక్ లోపానికి ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ ఆఖరి దమ్ములో వేయమని చెబుతారు. ఈ 20 కిలోల లెక్క 21 శాతం రకానిది. దుకాణంలో 33 శాతం రకం ఇస్తే అదీ 20 కిలోలే వేయాలా? అవసరం లేదు.

రెండింటిలోనూ ఉన్నది ఒకటే మందు, తేడా అందులో పట్టి ఉన్న నీటిది. 21 శాతం రకంలో ఒక్కో జింక్ సల్ఫేట్‌కు ఏడు నీటి అణువులు, 33 శాతం రకంలో ఒక్కటే ఉంటాయి. పీచుతో ఉన్న కొబ్బరికాయలను, ఒలిచిన కాయలను ఒకే తూకానికి కొంటే కాయల లెక్క తేడా వస్తుంది కదా, ఇదీ అంతే. అందుకే తూకాన్ని 'కాయల లెక్క'లోకి మార్చుకోవాలి. రసాయన శాస్త్రంలో ఆ లెక్కకు వాడే కొలత మోల్. డజను అంటే 12 అయినట్టే, మోల్ అంటే ఒక నిర్ణీత సంఖ్య, కాకపోతే చాలా పెద్దది.

ఒక మోల్ బరువు ఇలా వస్తుంది: జింక్ 65.4, గంధకం 32.1, నాలుగు ఆక్సిజన్లు 64, మొత్తం 161.5 గ్రాములు. నీరు ఒక్కో మోల్‌కు 18. ఏడు నీళ్ల రకం 287.5 గ్రాములు, ఒక నీటి రకం 179.5 గ్రాములు.

గ్రాములను మోల్ బరువుతో భాగిస్తే మోల్‌లు వస్తాయి. 20 కిలోలు అంటే 20,000 గ్రాములు. 287.5తో భాగిస్తే సుమారు 69.6 మోల్‌లు. అన్నే మోల్‌లు రెండో రకంలో కావాలంటే 69.6ను 179.5తో హెచ్చించాలి: దాదాపు 12.5 కిలోలు. సంచిపై శాతాలతో లెక్కిస్తే 12.7 కిలోలు వస్తుంది. సంచిపై ఉండేది కనీస హామీ శాతం కాబట్టి ఈ చిన్న తేడా. పొలంలో 13 కిలోలు అనుకుంటే సరిపోతుంది.

పైరుపై లోపం కనిపించి పిచికారీ చేసేటప్పుడు ఈ లెక్క ఇంకా ముఖ్యం. లీటరు నీటికి 2 గ్రాములు అన్నది కూడా 21 శాతం రకానికే. 33 శాతం రకమైతే 1.25 గ్రాములు, అంటే 20 లీటర్ల ట్యాంకుకు 40 గ్రాముల బదులు 25 గ్రాములు. గుప్పెడు అంచనాతో వేయకండి, చిన్న తూకం వాడండి.

ధర చూసేటప్పుడు సంచి రేటు కాదు, అందులోని జింక్ రేటు చూడండి. పది కిలోల సంచిలో మొదటి రకమైతే 2.1 కిలోలు, రెండో రకమైతే 3.3 కిలోల జింక్ ఉంటుంది. సంచి ధరను దీనితో భాగించి పోల్చుకోండి.

ఏ రకమైనా డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ వంటి భాస్వరం ఎరువులతో కలిపి వేయవద్దు. జింక్, భాస్వరం కలిసి కరగని పదార్థంగా మారి పైరుకు అందవు. రెండింటికీ మధ్య కొన్ని రోజుల ఎడం ఇవ్వండి.