పత్తర్‌గట్టీ నీడ ఎవరు కట్టారు?



మొన్న వానాకాలంలో మదీనా నుంచి చార్మినార్ వైపు నడుస్తున్నా. ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. చేతిలో గొడుగు లేదు. పక్కనే పత్తర్‌గట్టీ షాపుల ముందున్న రాతి కమానుల కిందికి దూరాను. గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు, స్కూలు పిల్లలు, ఒక పండ్ల తాత కూడా అక్కడే నిలబడ్డారు. అప్పుడు నాకొక డౌట్ వచ్చింది. ఈ నీడ ఎవరి ఆలోచన?

దానికోసం 1908కి వెళ్లాలి. ఆ ఏడాది సెప్టెంబర్ 28న మూసీ నది హైదరాబాద్‌ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరదని ఎగువనే ఆపాలి, ఊళ్లో సరైన డ్రైనేజీ వేయాలి అని ఆయన చెప్పారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. నీళ్లు ఎటు పోవాలి, రోడ్లు ఎక్కడ రావాలి, ఇళ్లు ఎక్కడ ఉండాలి అని ఊరంతటినీ కలిపి చూసి తేల్చడం, ఇది సిటీ ప్లానింగ్.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ కాలంలోనే మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. వాటి డిజైన్‌లో విన్సెంట్ ఎష్ పేరు వినిపిస్తుంది. ఒక స్థలంలో ఒక భవనం ఎలా ఉండాలో ఆలోచించడం, ఇది ఆర్కిటెక్చర్.

మరి పత్తర్‌గట్టీ? అదీ ఆ బోర్డు పనే. లోపల ఎవరి షాపు వాళ్లదే. బయట మాత్రం వీధి పొడవునా ఒకే రాయి, ఒకే తీరు కమానులు. షాపుకీ రోడ్డుకీ మధ్య, కొనేవాళ్లే కాదు, ఊరికే నడిచిపోయేవాళ్లకి కూడా ఇంత కప్పు. భవనాలు ఒకదానితో ఒకటి, వీధితో, మనిషితో ఎలా కలవాలో చూడటమే అర్బన్ డిజైన్. ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది 1956లో హార్వర్డ్‌లో హోసే లూయిస్ సెర్ట్ పెట్టిన సదస్సు తర్వాతే. అంటే మన దగ్గర పని ముందు జరిగింది, పేరు తర్వాత వచ్చింది!

అయితే అంతా మంచే జరిగిందని నేను చెప్పను. ఆ బోర్డు కొత్త ఇళ్లు కట్టించింది, నిజమే. కానీ ఇరుకు బస్తీలని తొలగించింది కూడా. మ్యాప్‌లో ఇరుకుగా కనిపించింది, అక్కడ బతికేవాళ్లకి సొంత వాడ. డిజైన్ ఎవరికోసం అని అడగాల్సింది అందుకే.

ఇప్పుడు మీ కాలనీ చూడండి. రోడ్డు ఒకరు వేస్తారు, బిల్డింగ్ ఇంకొకరు కడతారు, కాలువ మరొకరు తవ్వుతారు. ఫుట్‌పాత్ మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి మీ అమ్మమ్మ రోడ్డు మీదికి దిగి, బండ్ల మధ్య నడవాలి. ఎవరి పని వాళ్లు చేశారు, మధ్యలో జాగాని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

రేపు బస్టాప్ దాకా నడిచేటప్పుడు ఒకసారి గమనించండి. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ దారి తెగింది? కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మీ వీధుల గురించే మాట్లాడుకుందాం. ఉంటాను!