మార్గరెట్ బర్క్‌-వైట్: యంత్రాల నుంచి మనుషుల దాకా

మార్గరెట్ బర్క్‌-వైట్ 1904లో న్యూయార్క్‌లో పుట్టింది. తండ్రి అచ్చుయంత్రాల ఇంజనీరు కావడంతో యంత్రాల మీద మోజు ఇంట్లోనే అబ్బింది. 1927లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి క్లీవ్‌లాండ్‌లో ఫొటో స్టూడియో పెట్టింది. అక్కడి ఓటిస్ ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహాన్ని ఫొటో తీయడానికి చాలా తంటాలు పడింది. అప్పటి ఫిల్ముకు ఎర్రటి వెలుగు సరిగా అందేది కాదు. చివరికి మెగ్నీషియం కాగడాలు వెలిగించి పని సాధించింది. ఆ చిత్రాలు చూసే పత్రికాధిపతి హెన్రీ లూస్ 1929లో ఆమెను ‘ఫార్చ్యూన్’ పత్రికకు పిలిచాడు. 1936 నవంబరు 23న వచ్చిన ‘లైఫ్’ తొలి సంచిక ముఖచిత్రంగా ఆమె తీసిన ఫోర్ట్ పెక్ ఆనకట్టనే వేశారు.

మరుసటి ఏడాది రచయిత ఎర్స్‌కిన్ కాల్డ్‌వెల్‌తో కలిసి అమెరికా దక్షిణాది పేద కౌలుదార్ల మీద పుస్తకం తెచ్చింది. చిత్రాల కింద ఆ రైతులు అన్నట్టుగా అచ్చయిన మాటలు మాత్రం రచయితలు కల్పించినవి. ఆ సంగతి పుస్తకంలోనే చెప్పినా, పేదవాడి నోట మరొకరి మాట పెట్టడం ఆ మంచి పనికి మచ్చే.

1941లో జర్మన్లు మాస్కో మీద బాంబులు వేసినప్పుడు ఆమె అక్కడే ఉంది. 1942లో ఆమె ఎక్కిన ఓడను టార్పెడో ముంచింది. 1945లో బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాన్ని చిత్రించింది.

రాయలసీమ పాఠకుడికి అన్నిటికన్నా దగ్గరిది ఆమె భారతదేశంలో చేసిన పని. 1946లో గాంధీని రాట్నం పక్కన ఫొటో తీయాలంటే ముందు నూలు వడకడం నేర్చుకోవాలన్నారు, నేర్చుకుంది. ఆ ఏడాదే ఫొటోగ్రాఫర్ సునీల్ జానాతో కలిసి దక్షిణాది కరువు ప్రాంతాల్లో తిరిగింది. రాయలసీమ కరువును కెమెరాకెక్కించినవాడు ఈ జానాయే. ఆ కరువుకు ముందే, 1942లో బర్మా జపాను చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. ఆపైన వాన తప్పితే డోన్ వంటి మెట్ట తాలూకాలకు ఆసరా ఉండేది కాదు. ఆకలిని అంకెల్లో చదివే దూరదేశపు పాఠకుల ముందు ఇలాంటి చిత్రాలు మనుషుల ముఖాలను నిలబెట్టాయి.

దేశ విభజన కాందిశీకుల బారులను కూడా ఆమె తీసింది. 1948 జనవరి 30న, హత్యకు కొన్ని గంటల ముందు, గాంధీతో మాట్లాడింది. భారతదేశ అనుభవాలను 1949లో పుస్తకంగా వెలువరించింది.

1952లో కొరియా యుద్ధానికి వెళ్లింది. ఆ తర్వాత పార్కిన్సన్స్ జబ్బు చేతులను వణికించింది. 1959లో మెదడుకు శస్త్రచికిత్స చేయించుకుని, ఆ కథనూ ‘లైఫ్’ పాఠకులకు చెప్పింది. 1963లో ఆత్మకథ వచ్చింది. 1971లో కనెక్టికట్‌లో మరణించింది.