దవడ కీలు రుగ్మతలు

చెవికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే దవడ కీలు కదలడం తెలుస్తుంది. కింది దవడ ఎముకకూ కణత ఎముకకూ నడుమ పలుచని బిళ్ళ ఒకటి మెత్తలా ఉంటుంది. అది ముందుకు జారితే నోరు తెరిచినప్పుడు టక్కుమంటుంది. తిరిగి చోటికి రాకపోతే దవడ పట్టేస్తుంది. అయితే చాలామందిలో నొప్పి పుట్టేది నమిలే కండరాల్లోనే. నిద్రలో పళ్లు కొరకడం, మానసిక ఒత్తిడి దాన్ని పెంచుతాయి. చెవిపోటని భ్రమపడేవాళ్లూ ఉన్నారు. 1934లో ఈ లక్షణాలను గుదిగుచ్చి వివరించిన అమెరికా వైద్యుడు జేమ్స్ కాస్టెన్ కూడా చెవి, ముక్కు, గొంతు నిపుణుడే; పళ్లు ఊడి దవడ కుంగడమే మూలమన్న ఆయన వాదన మాత్రం నిలవలేదు.

నొప్పిలేని చప్పుడుకు మామూలుగా చికిత్స అక్కర్లేదు. మెత్తని తిండి, వేడి కాపడం, దవడ వ్యాయామాలు, కొద్దిరోజుల నొప్పి మాత్రలు, రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు ఎక్కువమందికి సరిపోతాయి. పళ్లు అరగదీయించుకోవడానికి తొందరపడకూడదు. శస్త్రచికిత్స దాకా వెళ్లేది కొద్దిమందే.