జెర్డన్ వ్రాసుకొన్న తెలుగు పిట్టల పేర్లు

పక్షిని చంపకుండా, దూరాన నిలిచి చూచి సంతోషించే అలవాటు నిన్నమొన్నటిది. వెనుకటి పండితులకు పక్షిని తెలుసుకొనడమంటే తుపాకితో కొట్టి, చర్మం ఒలిచి, పెట్టెలో భద్రపరచడమే. థామస్ కావర్‌హిల్ జెర్డన్ కూడా ఆ త్రోవవాడే. అయితే ఆయన తుపాకితోపాటు చెవినికూడా వాడినాడు.

పాతికేళ్ళు నిండకముందే, 1836లో, కుంపిణీవారి వైద్యుడుగా ఆయన మద్రాసు చేరినాడు. కొలువు ఆయనను గంజాము, దక్కను, నెల్లూరు త్రిప్పినది. పోయిన చోటనల్లా పిట్టలను చూచి వ్రాసుకొనేవాడు. 1839-40లో మద్రాసు పత్రిక ఒకదానిలో దక్షిణదేశపు పక్షుల పట్టికను, 1862-64 మధ్య వెయ్యికి పైగా జాతులతో 'భారతదేశ పక్షులు' అనే గ్రంథాన్ని ప్రకటించినాడు. ఈ గ్రంథంలో శాస్త్రనామం క్రింద దేశభాషల పేర్లుంటవి; తెలుగు పేర్లకు కొదువలేదు. నెల్లూరులో ఉండగా జంతువుల సంగతులెన్నో ఆయనకు యానాదులు చెప్పినవే.

ఒక పిట్టకు ఆయన ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్న పేరు తెలుగువాని చెవికి 'అడవి ఉత్తతిత్తి' అని వినిపిస్తుంది. ఉత్తతిత్తి అంటే ఖాళీసంచి. ఆ పేరెందుకు వచ్చినదో ఊహించడం చదువరుల వంతు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ ఈ పిట్టను శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. 1900 తరువాత అది పండితులెవరి కంటా పడలేదు, అంతరించినదనే అనుకొన్నారు. వెదకినవారు పగటిపూట వెదకినారు, అదేమో రాత్రి తిరిగే పిట్ట! 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక గ్రామస్థుడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టుకొన్నాడు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దానిని గుర్తించినాడు. అక్కడివారు దానిని కలివికోడి అంటారు.

జెర్డన్ కాలంలోనే, 1845 నుంచి, తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళున్న గుంటూరు సీమకు వాల్టర్ ఇలియట్ అధికారి. అమరావతి శిల్పాలను త్రవ్వించినవాడుగానే ఆయన మనకు జ్ఞాపకం. తెలుగు మొక్కల పేర్లు కూర్చి 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా'ను వెలువరించినవాడూ ఆయనే. పిట్టల పేర్లకు మాత్రం ఆయన చేతిలో ఆ అదృష్టం పట్టలేదు.

నేడు చెన్నైనుంచి హౌరా దారిన రైలులో వచ్చేవారికి బాపట్ల దాటి తెనాలి చేరేలోపల తంతిమీద పాలపిట్ట, కాలువగట్టున లకుముకి కిటికీనుంచే కనబడతవి. తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కితే వరిచేలలో నత్తగుల్లకొంగ. దాని ముక్కు రెండు భాగాలూ నడుమ కలియవు, సందు ఉంటుంది. నత్తలను నలగగొట్టడానికే ఆ సందు అని చాలకాలం అనుకొన్నారు. 1960లో జూలియన్ హక్స్లీ అంతటివాడు దీనిపై ప్రత్యేకంగా ఒక వ్యాసం వ్రాసినాడు. నిజానికి కొంగ గుల్లను పగులగొట్టదు. సన్నని ముక్కుకొనను లోపలికి దూర్చి, కండను తెంపి నత్తను పైకి లాగుతుంది. కళ్ళకు కనబడకున్నా అది నత్తను పట్టగలదని జెర్డన్ ఏనాడో గమనించినాడు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో ఈ కొంగలు, గూడబాతులు ఒకేచోట గూళ్ళు కట్టుకొంటవి.