బిడ్డ పోషణ వ్యయం: మారూఫ్ నుండి న్యాయస్థానపు లెక్క వరకు

తల్లిదండ్రులు విడిపోయినప్పుడు బిడ్డ పోషణకు తండ్రి నెలకు ఎంత ఇవ్వాలి? చూడటానికి ఇది అంకెల ప్రశ్న. కాని దీని వెనుక మరొక ప్రశ్న ఉన్నది. ఆ మొత్తాన్ని నిర్ణయించవలసింది బిడ్డ అవసరమా, తండ్రి స్తోమతా, లేక శాసనకర్త ముందుగా గీసిన గీతా? ఒకప్పటి నిజాం రాజ్యంలో భాగమై, 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఆ తరువాత వనపర్తి జిల్లాలోనూ ఉన్న వీపనగండ్ల వంటి ప్రాంతానికి ఈ మూడు కొలమానాలూ తెలిసినవే.

దివ్య ఖుర్ఆన్ ఈ విషయాన్ని రెండు చోట్ల ప్రస్తావించింది. అల్ బఖరా సూరాలోని 233వ ఆయత్ పాలిచ్చే తల్లికి అన్నవస్త్రాల భారాన్ని బిడ్డ తండ్రిపై ఉంచింది. బిడ్డ కారణంగా తల్లిని గాని తండ్రిని గాని కష్టపెట్టరాదని, తండ్రి లేనప్పుడు ఆ బాధ్యత వారసునిదని తెలిపింది. అత్తలాఖ్ సూరాలోని 6, 7 ఆయత్‌లు కలవాడు తన కలిమిని బట్టి, లేనివాడు తనకున్నదానిని బట్టి ఖర్చు చేయాలని ఆదేశించాయి. ఎక్కడా అంకె లేదు. దానికి బదులు ‘మారూఫ్’ అనే మాట ఉన్నది. అనగా ఆ కాలంలో, ఆ సమాజంలో న్యాయమని నలుగురూ అంగీకరించే రీతి.

అబూ సుఫ్యాన్ పిసినారి అని, తనకూ పిల్లలకూ సరిపడినంత ఇవ్వడం లేదని ఆయన భార్య హింద్ మహాప్రవక్త (స) సన్నిధిలో మొర పెట్టుకున్న ఉదంతం బుఖారీ సంకలనంలో ఉన్నది. ఆమెకూ బిడ్డలకూ మారూఫ్ ప్రకారం చాలినంత భర్త సొమ్ములో నుండి తీసుకొమ్మని ఆయన అనుమతించారు. ఇక్కడ కూడా కొలమానం ‘చాలినంత’ అన్నదే.

లెక్క కట్టే పద్ధతి బిడ్డల బ్రతుకును ఎలా మార్చగలదో ఖలీఫా ఉమర్ (ర) కాలపు ఉదంతం ఒకటి చెబుతుంది. ప్రభుత్వ ఖజానా నుండి పాలు మాన్పించిన పిల్లలకే భత్యం ఇచ్చే నియమం మొదట ఉండేది. ఆ భత్యం కోసం తల్లులు పసివారికి తొందరపడి పాలు మాన్పిస్తున్నారని తెలిసి, ఆయన పుట్టిన నాటి నుండే భత్యం ఇవ్వవలసిందిగా ఆజ్ఞాపించారని చరిత్రకారులు వ్రాశారు. ఇది తండ్రి ఇచ్చే భృతి కాదు, రాజ్యం ఇచ్చేది. అయినా నియమం ఎక్కడ గీత గీస్తే భారం అక్కడి బిడ్డపై పడుతుందన్న పాఠం ఒకటే.

దక్కనులో ఖాజీలు ప్రధానంగా అనుసరించిన హనఫీ ఫిఖ్హ్ బిడ్డ నఫఖాను ‘కిఫాయా’, అనగా అవసరానికి సరిపడుట, అనే సూత్రంపై నిలిపింది. ఆస్తి లేని కుమారుడు సంపాదించుకోగలిగే వరకు, కుమార్తె వివాహమయ్యే వరకు తండ్రే పోషించాలి. బిడ్డ తల్లి సంరక్షణలో ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత తొలగదు. అయితే ఈ సూత్రానికి మరొక ముఖం కూడా ఉన్నది. గడచిన కాలపు నఫఖా, ఖాజీ అనుమతితో అప్పు తెచ్చి పోషించిన సందర్భంలో తప్ప, సాధారణంగా బకాయిగా నిలువదు. అవసరం గడచిపోయింది గనుక హక్కూ గడచిపోయిందని తర్కం. ఆలస్యం చేసిన తండ్రికి ఇది లాభించింది.

బ్రిటిషు ఇండియా శాసనం మరొక దారి పట్టింది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 488వ సెక్షన్ నెలకు 50 రూపాయల గరిష్ఠ పరిమితిని విధించింది. 1923లో అది 100కు, 1955లో 500కు పెరిగింది. హైదరాబాదు రాష్ట్రానికి ఈ కోడ్ 1951 ఏప్రిల్ 1 నుండి వర్తించింది. అప్పటికింకా ఇక్కడ హాలీ సిక్కా జ్ఞాపకం మాసిపోలేదు. 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. అంటే 70 హాలీ రూపాయల భృతి కల్దార్‌లో 60 మాత్రమే. నాణెం మారితే అంకె మారుతుంది, ధర పెరిగితే అంకె విలువ తరుగుతుంది. బిడ్డ ఆకలి మాత్రం అంతే ఉంటుంది.

1974లో అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లోని 125వ సెక్షన్ కూడా 500 పరిమితినే నిలిపింది. ఆ మొత్తం కుటుంబమంతటికీ కలిపి కాదని, కోరిన ప్రతి వ్యక్తికీ విడిగా అని సుప్రీంకోర్టు 1978లో వివరించింది. 2001లో పార్లమెంటు ఆ పరిమితిని పూర్తిగా తొలగించింది. 46 సంవత్సరాలు కదలని అంకె తొలగి, అవసరమూ స్తోమతా మరల ముందుకు వచ్చాయి.

ఈ మధ్యలో 1985 నాటి షాబానో తీర్పు, 1986 నాటి ముస్లిం మహిళల చట్టం వచ్చాయి. విడాకులు పొందిన స్త్రీ భృతిపై దేశమంతటా వాదోపవాదాలు సాగాయి. ఆ సందడిలో బిడ్డ మరుగున పడింది. బిడ్డ పుట్టిన నాటి నుండి రెండు సంవత్సరాల వరకు తల్లికి పోషణ వ్యయం ఇవ్వాలన్న చట్టవాక్యాన్ని, తండ్రి బాధ్యతకు అదే ముగింపు అన్నట్లు కొన్ని న్యాయస్థానాలు అన్వయించాయి. ఖుర్ఆన్‌లో రెండు సంవత్సరాలు పాలిచ్చే గడువే గాని పోషణకు హద్దు కాదు. 1997లో సుప్రీంకోర్టు ఈ పొరపాటును సరిదిద్దింది. బిడ్డల హక్కు తల్లి హక్కుకు అనుబంధం కాదని, 125వ సెక్షన్ క్రింద అది స్వతంత్రమని, కుమార్తెలకు వివాహం వరకు ఉంటుందని తీర్పు చెప్పింది. హనఫీ ధర్మశాస్త్రం శతాబ్దాలుగా చెప్పినదానికి ఇది దగ్గరగా ఉండటం గమనార్హం.

లెక్క ఎలా కట్టాలి? అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఒక బిడ్డకు తండ్రి ఆదాయంలో 17 శాతం, ఇద్దరికి 25 శాతం, ముగ్గురికి 29 శాతం అనే పట్టికను పాటిస్తుంది. భారతదేశంలో అటువంటి పట్టిక లేదు. 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇరుపక్షాలూ ఆదాయాన్ని, ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రంలో వెల్లడించాలని, భృతిని దరఖాస్తు తేదీ నుండే లెక్కించాలని ఆదేశించింది. వ్యవసాయదారుల కొరకు వేరే నమూనాను కూడా జతపరిచింది. భూమి తరియా ఖుష్కియా, ఏ పంటలు పండుతాయి, పశువులు ఎన్ని అన్న వివరాలు అందులో ఉండాలి.

నెలజీతం లేని ప్రాంతాలకు ఈ నమూనా ఎంతో అవసరం. వానను నమ్మిన ఖుష్కి పొలం, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుపై దూరప్రాంతపు పనులకు వలస, ఇదీ పాలమూరు కూలీ కుటుంబాల చిరకాల జీవనరీతి. ఒక నెల చేతిలో సొమ్ము ఉంటుంది, మరొక నెల ఉండదు. శాతాల పట్టిక అటువంటి తండ్రి ఆదాయాన్ని పట్టుకోలేదు. అలాగని లేమిని సాకుగా చూపి తప్పించుకోవటానికీ వీలు లేదు. సంవత్సరమంతటి సంపాదన చూసి, తన పొట్ట పోషణకు తీసి, బిడ్డకు చాలినంత నిర్ణయించటమే న్యాయం.

2024 జూలై 1 నుండి 125వ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది. అదే నెల 10న తెలంగాణ నుండి వెళ్లిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా 125వ సెక్షన్‌ను ఆశ్రయించవచ్చునని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 రూపాయల మధ్యంతర భృతి విధించగా, హైకోర్టు దానిని 10,000కు తగ్గించి ఉండెను. ఒకే ఆదాయాన్ని చూసిన రెండు న్యాయస్థానాలు అంత భిన్నమైన అంకెలకు రావటం గమనిస్తే, ‘చాలినంత’ అన్న మాట ఎంత ఉదారమో అంత క్లిష్టమని కూడా తెలుస్తుంది.

బకాయిని వసూలు చేయించుకోవటానికి తల్లి ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలన్న నియమం చట్టంలో నేటికీ ఉన్నది. గడువు తెలియని తల్లి నష్టపోతుంది. అంకె సరిగా నిర్ణయమైతే సగం న్యాయమే జరిగినట్లు. ఆ సొమ్ము నెలనెలా బిడ్డ కంచం వరకు చేరినప్పుడే మారూఫ్ అన్న మాట నెరవేరుతుంది.